‘హౌండ్ డాగ్’ పాట: కర్తృత్వము, పాఠభేదములు

ఒక పద్యమునకు రెండు పాఠములు దొరకినప్పుడు వానిలో నేది కవిపాఠమో, యేది లేఖకుని దిద్దుబాటో నిర్ణయించుట మన పరిశోధకులకు నిత్యకృత్యము. తాళపత్ర ప్రతులను సరిచూచుట కలవాటుపడిన వారికి గ్రామఫోను రికార్డుల వైపు చూడ బుద్ధి పుట్టదు. ధ్వనినే పట్టి యుంచు సాధనమందు పాఠభేదమునకు తావెక్కడిదని తోచును. కాని రికార్డు నిలిపి యుంచునది యొకరి యొకనాటి గానమును మాత్రమే. పాట దానిని దాటి పోవుచునే యుండును. అమెరికా దేశమున 1952వ సంవత్సరమున బుట్టిన ‘హౌండ్ డాగ్’ అను పాట యిందులకు మంచి నిదర్శనము. నాలుగేండ్లలో దాని మాటలు మారినవి, లయ మారినది, పాడువారి జాతి మారినది, ఆడుగొంతు మగగొంతైనది, తుదకు అర్థమే తలక్రిందైనది. లోకమున వ్యాపించినది యీ మారిన పాఠమే.

దీనిని గూర్చి జనులలో రెండు మాటలు వ్యాపించి యున్నవి. ఈ పాట ఎల్విస్ ప్రెస్లీ యనువానిదని యొకటి. అతడు దానిని బిగ్ మామా థార్న్‌టన్ అను నల్లజాతి గాయకురాలి నుండి దొంగిలించెనని రెండవది. మొదటిది వట్టి యజ్ఞానము. రెండవదానిలో న్యాయమైన కోపమున్నది గాని, నిజము సరిగా లేదు. ఆ కోపమును తగిన చోటికి మరలింపవలెనన్నచో పాట నడచిన దారిని మొదటి నుండి చూడవలసి యున్నది.

విల్లీ మే థార్న్‌టన్ 1926వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన అలబామా రాష్ట్రమున జన్మించెను. భారీ విగ్రహము, అంతకు మించిన కంఠము. ‘పెద్దమ్మ’ అనదగు ‘బిగ్ మామా’ అను బిరుదు ఆమెకు వానివలననే వచ్చెను. 1952 నాటికి ఆమె హూస్టను నగరమందలి ‘పీకాక్’ రికార్డుల సంస్థకు పాడుచుండెను. ఆ సంస్థ యజమాని డాన్ రోబీ. లాస్ ఏంజెలిస్ నగరమున ఆమెకు వాద్యబృందము నడపినవాడు జానీ ఓటిస్. ఇతడు గ్రీకు తల్లిదండ్రుల బిడ్డయై, నల్లజాతివారి నడుమ పెరిగి, వారి సంగీతమునే తన జీవితముగా జేసికొన్నవాడు. ఆమెకు తగిన పాటలు కావలెనని ఓటిస్ ఇద్దరు యువకులను పిలిపించెను. వారు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనువారు. ఇరువురును యూదులు, ఇరువురును 1933లో బుట్టినవారు; అనగా నప్పటికి పందొమ్మిదేండ్ల ప్రాయము వారు. మాటలు లీబరువి, స్వరము స్టోలరుది.

ఆమె గానమును విని, ఆ యాకారమును, ఆ గర్జనమును మనసున నిలుపుకొని, స్టోలరు గృహమునకు పోవు త్రోవలో కారునందే పాట మొదలిడితిమని, పావుగంట లోపల ముగించితిమని ఆ యువకులు తరువాత చెప్పిరి. కాగితపు సంచి వెనుక వ్రాసి తెచ్చిన మాటలను తన చేతికిచ్చిరని, వానిని పాడుచు తన మాటలు కొన్ని చేర్చితినని, నడుమ వినవచ్చు సంభాషణయు అరపులును తనవేయని థార్న్‌టన్ చెప్పెను. ఆమె తొలుత పాటను మెత్తగా దీయగా రాగము తీసి పాడబోయెనని, అట్లు గాదు కోపముతో గర్జింపవలెనని తామే సూచించితిమని లీబరు ప్రభృతుల కథనము. ఈ రెండు సాక్ష్యములకును పొత్తు కుదరనిది కొంత యున్నది. అయినను ముఖ్యాంశమున విరోధము లేదు: సాహిత్యము, స్వరము ఆ బాలురవి, రికార్డున మనము వినునది ఆ స్త్రీ చేసినది. కాగితపు సంచియే మాతృక యన్నచో నందు లేనిదే రికార్డున నెక్కువగా నున్నది.

ఆ గానము 1952 ఆగష్టు 13వ తేదీన లాస్ ఏంజెలిస్ నగరమున ‘రేడియో రికార్డర్స్’ అను శాలలో రికార్డు చేయబడెను. వాద్యములు బహు స్వల్పము. పీట్ లూయిస్ గిటారు, ఒక బాసు, ఓటిస్ స్వయముగా వాయించిన మద్దెలలు, చేతిచప్పట్లు, అంతే. పియానో లేదు, బాకాలు లేవు. ‘బ్లూస్’ అను నల్లజాతి గానరీతికి పండ్రెండు మాత్రాఖండముల కొలత యొకటి కలదు. అందు మొదటి పాదము చెప్పబడి, మరల నదే పాదము చెప్పబడి, మూడవ పాదమున దానికి సమాధానము వచ్చును. ఈ పాటయు నా చట్టములోనిదే. కాని గాయని దానిని పట్టుకొని వ్రేలాడదు; పాదము చివర విరిచి, నడుమ గిటారువానిని హెచ్చరించి, పలికి, నవ్వి, మరల నందుకొనును. తుదిని వాద్యకారులందరు కుక్కలవలె మొరిగి, యూళలు వేసి ముగింతురు.

ఇక నర్థము. ‘హౌండ్ డాగ్’ అనగా వేటకుక్క యని నిఘంటువు చెప్పును. నల్లజాతివారి వాడుకలో నది స్త్రీల సొమ్ము తిని బ్రదుకుచు, ఒక గుమ్మము నుండి మరియొక గుమ్మమునకు తిరుగు పురుషుడు. పాటలో మాటలాడునది యట్టివానిని ఇక నింట రానీయనని తలుపు మూయు స్త్రీ. తాను పెద్దతరగతివాడనని నీవు చెప్పుకొంటివి గాని నీ గుట్టు నాకు దెలిసినదని ఆమె యనును. మన యాలంకారికులు దీనిని చూచినచో నాయికను ఖండితయని, నాయకుని ధృష్టుడని వెంటనే గుర్తింపగలరు. అయితే మన పదములలోని ఖండిత యెంత యీసడించినను లోలోపల మరల రమ్మనుచునే యుండును. ఈమె యట్లు గాదు. ఈమె పొమ్మనినది పొమ్మనుటయే. అందున్న హాస్యము గూడ కోపమునకు పదును పెట్టుటకే గాని దానిని చల్లార్చుటకు గాదు.

రికార్డు 1953వ సంవత్సరపు తొలినెలలలో వెలువడి, నల్లజాతివారి సంగీతమునకై ‘బిల్‌బోర్డు’ పత్రిక ప్రకటించు పట్టికలో ఏడు వారములు ప్రథమస్థానమున నిలిచెను. ప్రతులు అయిదులక్షలకు మించి యమ్ముడు పోయినవని చెప్పుదురు. దానివలన తనకు ముట్టినది అయిదువందల డాలర్ల చెక్కొకటియేయని థార్న్‌టన్ జీవితాంతము చెప్పుచు వచ్చెను. ప్రచురణకర్త తమకు పంపిన 1,200 డాలర్ల చెక్కు బ్యాంకిలో చెల్లలేదని లీబరు, స్టోలరులు గూడ చెప్పుకొనిరి. మైనరులగుటచే వారి తల్లులు సంరక్షకులుగా నిలిచి ఒడంబడికపై సంతకములు చేయవలసి వచ్చినది.

పాట యట్లు ప్రసిద్ధికెక్కిన వెంటనే శాఖలు బయలుదేరినవి. 1953లోనే లిటిల్ ఎస్తర్ అను బాలగాయని దానిని పాడెను. టామీ డంకన్ మొదలగు తెల్లజాతి గ్రామీణ గాయకులు గూడ కొందరు పాడిరి. వీని నటుంచి, ఒక ప్రత్యుత్తరమును మాత్రము చెప్పవలెను. మెంఫిస్ నగరమున సామ్ ఫిలిప్స్ నడపు ‘సన్’ సంస్థ వారు ఆ స్త్రీకి పురుషుని సమాధానముగా ‘బేర్ క్యాట్’ అను పాట కట్టి రూఫస్ థామస్ చేత పాడించిరి. మాటలు క్రొత్తవి, స్వరము పాతది. పలకపై కర్తగా ఫిలిప్స్ పేరే యుండెను. రోబీ వ్యాజ్యము వేయగా ‘సన్’ వారోడి సొమ్ము చెల్లించుకొనవలసి వచ్చెను. ఆ ‘సన్’ సంస్థయే మరుసటి యేట ప్రెస్లీ యను యువకుని తొలి రికార్డు చేసి, 1955లో నతని యొడంబడికను 35,000 డాలర్లకు ఆర్.సి.ఏ. సంస్థకు విక్రయించినది. స్వరము మరియొకరిదైనచో మూల్యము చెల్లింపవలెనని ఆనాటి న్యాయస్థానము స్పష్టముగా జెప్పినదని గమనింపవలెను. కంఠము మరియొకరిదైనచో నేమి సేయవలెనన్న ప్రశ్న యచట రాలేదు.

అర్థము తలక్రిందైనది ప్రెస్లీ చేత గాదు. లాస్ వేగాస్ నగరపు ‘శాండ్స్’ హోటలులో వేడుకగా పాడుచుండిన ఫ్రెడ్డీ బెల్, అతని బెల్‌బాయ్స్ బృందము దీనికి కారకులు. వీరు 1955లో ఫిలడెల్ఫియా నగరమందలి ‘టీన్’ సంస్థకు పాట నిచ్చినప్పుడు, తెల్లజాతి బాలబాలికలు వినదగినట్లుగా మాటలను శుభ్రపరుపుమని ఆ సంస్థవాడైన బెర్నీ లో సూచించెనట. శుభ్రపరచుట యనగా స్త్రీని, ఆమె యింటిని, ఆమె యింట తిన్న పురుషుని తీసివేయుట. మిగిలినది కుక్క. అది యెప్పుడును ఏడ్చుచుండును, ఒక్క కుందేలునైన పట్టియెరుగదు, కావున మిత్రము గాదు. ఇంతియే క్రొత్త పాఠము.

ఇచట పాఠపరిష్కర్తలకు ఆనందము గలిగించు నొక యవశేషము దొరకుచున్నది. పెద్దతరగతివాడనను మాట క్రొత్త పాఠమందును మిగిలిపోయినది! మాతృకలో నాయకుడు తన్ను గూర్చి తాను చెప్పుకొన్న గొప్ప యది. నిజమైన కుక్క యట్లు చెప్పుకొనలేదు గనుక, లోకులు నిన్నట్లు చెప్పిరని క్రియను మార్చి, అది యబద్ధమని ముగించిరి. కుందేలు పట్టలేని కుక్కకు తరగతి యెందులకు, అబద్ధ మెందులకు? కూల్చిన గుడి రాయి గోడలో నతికినట్లు ఆ పాదము పూర్వపాఠమునకు సాక్ష్యముగా నిలిచినది. రికార్డుల తేదీలన్నియు నశించిపోయి యీ రెండు పాఠములే దొరకినను, ఏది ముందో యేది వెనుకో నీ యొక్క పాదమును బట్టి చెప్పవచ్చును.

1956 ఏప్రిలు, మే నెలలలో ప్రెస్లీ లాస్ వేగాస్ నగరమున ‘న్యూ ఫ్రాంటియర్’ హోటలులో పాడవచ్చెను. అచట నతనికి పెద్దగా నాదరణ లభింపలేదు. తీరిక వేళల ‘శాండ్స్’ హోటలునకు పోయి బెల్ బృందమువారి పాట విని, మెచ్చి, దానిని తన సభలలో కడపటి పాటగా జేర్చుకొనెను. జూను 5వ తేదీన మిల్టన్ బెర్ల్ టెలివిజను ప్రదర్శనమున నతడు దీనిని పాడుచు, చివర వేగము తగ్గించి, నడుము కదల్చిన తీరునకు దేశమున పెద్ద రభస పుట్టెను. పత్రికలు నిందించినవి, మతాచార్యులు ఖండించిరి. జూలై 1వ తేదీన స్టీవ్ అల్లెన్ అనువాడు తన ప్రదర్శనమున నతనికి దొరల విందుదుస్తులు తొడిగించి, ఒక నిజమైన కుక్కను ఎదుట కూర్చుండబెట్టి దానికే యీ పాట పాడించెను. అవమానింపవలెనని చేసిన యా పరిహాసము తెలియకయే యొక వ్యాఖ్యానమైనది: స్త్రీ కంఠమున పురుషుని తిట్టిన పాటకు అక్షరార్థమే మిగిలినదని యంతకంటె స్పష్టముగా నెవరు చూపగలరు?

ఆ మరునాడే, అనగా జూలై 2వ తేదీన, న్యూయార్కు నగరమందు ఆర్.సి.ఏ. వారి శాలలో ప్రెస్లీ దీనిని రికార్డు చేసెను. స్కాటీ మూర్ గిటారు, బిల్ బ్లాక్ బాసు, డి. జె. ఫాంటానా మద్దెలలు, జోర్డనేర్స్ వంతపాట. తృప్తి గలుగువరకు ముప్పదియొక్క మారులు పాడెను. ఈ సంఖ్యను పాఠకులు మరువరాదు. ఇరువదియొక్క యేండ్ల యువకుడు వినోదముగా నేర్చిన పాటకై యింత శ్రమపడుట చిన్నవిషయము గాదు. రెండవవైపున ఓటిస్ బ్లాక్‌వెల్ అను నల్లజాతి కవి వ్రాసిన ‘డోంట్ బీ క్రూయెల్’ పాటతో వెలువడిన యా రికార్డు పదునొకండు వారములు ప్రథమస్థానము నేలినది. 1992వ సంవత్సరము వరకు నెవరు నంతకు మించి నిలువలేదు. సామాన్యజనులది, గ్రామీణులది, నల్లజాతివారిది యను మూడు పట్టికలందును నది మొదట నిలిచెను. సెప్టెంబరు 9వ తేదీన ఎడ్ సల్లివన్ ప్రదర్శనమున ప్రెస్లీ పాడగా చూచినవారు సుమారు ఆరుకోట్ల మందియట.

ప్రెస్లీ పాఠమున మాట పలుచబడినది. లీబరు స్వయముగా నా కుందేలు పాదము తనకు నచ్చదని, దానికర్థము లేదని పలుమారులు చెప్పెను. ఇది కవి యభిప్రాయము, తోసివేయదగినది గాదు. అయినను మాటలు పలుచబడిన చోట లయ చిక్కబడినది. పాదముల చివర ఫాంటానా వరుసగా కురిపించు దరువులు, మూర్ గిటారు నుండి వచ్చు గరుకైన ధ్వని, గుక్క తిప్పుకొననీయని వేగము కలిసి పాటను వేరొక జాతిదిగా జేసినవి. థార్న్‌టన్ పాటలో కోపమునకు కారణమున్నది. ప్రెస్లీ పాటలో కోపమే యున్నది, కారణము లేదు. ఆనాటి పదునైదేండ్ల బాలబాలికలకు బహుశః కారణము లేని కోపమే దగ్గరగా దోచియుండును. దానిని గొప్పతనమనవలెనో లోపమనవలెనో చదువరులు రెండు రికార్డులు విని నిర్ణయించుకొందురు గాక. నాకు మాత్రము మొదటిదే హెచ్చు.

ఇక దొంగతనపు మాట. అమెరికాలో 1909వ సంవత్సరపు గ్రంథస్వామ్య శాసనము ప్రకారము, ఒక పాట కర్తల సమ్మతితో నొకమారు రికార్డయినచో, పిమ్మట నెవరైనను ప్రతి పలకకు రెండు సెంట్లు చెల్లించి దానిని మరల పాడి యమ్ముకొనవచ్చును. ఆ రెండు సెంట్లు పాటకర్తకును ప్రచురణకర్తకును చెందును. పాడినవారికి దమ్మిడీ లేదు. ధ్వనిముద్రణములకే దేశవ్యాప్తమైన స్వామ్యము 1972వ సంవత్సరము వరకు లేదు. అప్పుడు గూడ నది రికార్డునకు గాని, రికార్డునందలి పలుకుబడిని, విరుపును, కేకను అనుకరింపరాదను నిషేధము గాదు. కనుక ప్రెస్లీ శాసనము నతిక్రమింపలేదు. అంతేకాక, అతడు పట్టుకొన్నది బెల్ పాఠమునే గాని థార్న్‌టన్ పాఠమును గాదు. రెండింటిని ప్రక్కప్రక్కన వినిన వారికిది నిమిషములో దెలియును. దోషము వ్యక్తియందు కంటె, కాగితముపైకి ఎక్కినదే కృతి, ఎక్కనిది కృతి గాదను శాసనమునందే యున్నది. కాగితము చేత బట్టినవారు లీబరు, స్టోలరులు, రోబీయును. కంఠము తప్ప మరేమియు లేనివారికి ఆ శాసనమున చోటులేదు.

కర్తృత్వమునందును వివాదము రాకపోలేదు. తొలి పలకపై లీబరు, స్టోలరులతోపాటు ఓటిస్ పేరును గూడ అచ్చువేసిరి. ప్రెస్లీ రికార్డుతో ధనము పారగా ఓటిస్ తన భాగమునకై వ్యాజ్యమాడెను. 1957లో న్యూయార్కునందలి ఫెడరల్ న్యాయస్థానము అతని వాదమును త్రోసిపుచ్చినది. మూడు పేళ్ళు రెండైనవి. ఆ వ్యాజ్యమున థార్న్‌టన్ పేర నెవ్వరును భాగ మడుగలేదు.

మన క్షేత్రయ్య ‘మువ్వగోపాల’ యను ముద్ర వేయుటచే నే దేవదాసి యే యూర పాడినను కర్త పేరు పాటతోనే పోయినది. త్యాగరాజు కృతులు వాలాజపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానము అను శిష్యపరంపరలలో భేదములు పొందినను, ఎవరి పాఠమెవరిదో విద్వాంసులు చెప్పగలుగుచున్నారు. ముద్ర కర్తను కాపాడినది, పరంపర పాడినవారిని కాపాడినది. రికార్డుల వాణిజ్యమున రెండవదానికి సాధనము లేకపోయెను.

స్టోలరు విషయమున నొక చిత్రమైన సంగతి కలదు. 1956 జూలై 25వ తేదీ రాత్రి అట్లాంటిక్ సముద్రమున ‘ఆండ్రియా డోరియా’ యను ఇటలీ ఓడ మరియొక ఓడను డీకొని మరునాటి యుదయమున మునిగిపోయినది. అందు ప్రయాణము చేయుచుండిన స్టోలరు బ్రదికి బయటపడి న్యూయార్కు రేవున దిగగా, లీబరు ఎదురేగి, మన పాట దేశమంతట మార్మ్రోగుచున్నదని, ఎల్విస్ ప్రెస్లీ పాడెనని చెప్పెనట. అతడెవరని స్టోలరు అడిగెనట. ఆ తరువాత నాతని కోసమే యీ యిరువురు పెక్కు పాటలు వ్రాసిరి.

తరువాతి గాయకులలో నెక్కువమంది బెల్, ప్రెస్లీల పాఠము ననుసరించిరి. 1967లో జిమీ హెండ్రిక్స్ బి.బి.సి.లో పాడెను, 1972 ఆగష్టులో జాన్ లెనన్ న్యూయార్కు సభలో పాడెను, ఎరిక్ క్లాప్టన్ 1989లో రికార్డు చేసెను. నే నెక్కువగా విలువ యిచ్చునది వీనికి గాదు. 1965 అక్టోబరులో ఐరోపా ఖండమునకు గానయాత్ర చేసిన థార్న్‌టన్, లండను నగరమున బడ్డీ గై మొదలగు వాద్యకారులతో తన పాటను తానే మరల రికార్డు చేసెను. అప్పటికి లోకమంతయు నా పాట ప్రెస్లీదే యనుచుండెను. పదుమూడేండ్ల తరువాతను ఆమె కుందేలును తన పాటలోనికి రానీయలేదు. మూలపాఠము పరంపరగా నిలిచినది ఆ కంఠమునందే.

ఆమె తాను వ్రాసిన ‘బాల్ అండ్ చెయిన్’ అను పాట గూడ మరియొకరి పేర ప్రసిద్ధమైనది. 1967లో మాంటరే యుత్సవమున జానిస్ జాప్లిన్ దానిని పాడి ఖ్యాతి బడసినది. జాప్లిన్ మాత్రము ఈ పాట ఎవరిదో దాచలేదు.

2022వ సంవత్సరమున ప్రెస్లీ జీవితముపై వచ్చిన చలనచిత్రమున శోంకా డుకురే యను గాయని థార్న్‌టన్ వేషమున నీ పాటను ఆమె పాఠముననే పాడినది. ఆ గానమును చేర్చుకొని డోజా క్యాట్ ‘వేగాస్’ అను క్రొత్త పాట కట్టినది. అందు మాటలాడునది మరల స్త్రీయే, తిట్లు తినునది మరల పురుషుడే. 2024లో ‘రాక్ అండ్ రోల్’ కీర్తిమందిరమున థార్న్‌టన్ పేరు చేర్చబడినది. ప్రెస్లీ పేరు అందు 1986లోనే చేరినది. ఆమె 1984 జూలై 25వ తేదీన లాస్ ఏంజెలిస్ నగరమున మరణించెను. ఆమెను ఇంగిల్‌వుడ్ శ్మశానవాటికలో, వేరొకరిద్దరితో గూడ నొకే సమాధిలో నుంచిరి.